విటమిన్ డి 60,000 వాడుతున్నారా? ఇంట్లో మాత్రల లెక్క ఇలా తేల్చుకోండి

మోకాళ్ల నొప్పులని వెళ్తే రాస్తారు, జుట్టు ఊడుతోందంటే రాస్తారు, ఊరికే నీరసంగా ఉందన్నా రాస్తారు. ఫుల్ బాడీ చెకప్ రిపోర్టులో విటమిన్ డి పక్కన ‘తక్కువ’ అని కనబడితే చాలు, డాక్టరు దాకా వెళ్లకుండా నేరుగా మందుల షాపులో అడిగి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. 60,000 ఐయూ (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్లు) మాత్ర మన ఇళ్లలో జ్వరం మాత్రంత మామూలైపోయింది. లోపం ఉన్నమాట నిజమే. ఎండలు దంచే దేశంలో కూడా చాలామందికి డి తక్కువే ఉంటోంది. లోపం ఉన్నప్పుడు ఆ మాత్ర మంచి మందే. తిప్పలంతా ఆ అంకెతోనే.

పెద్దవాళ్లకు రోజుకు కావలసిన డి 600 ఐయూ. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ఇది. అంటే ఒక్క మాత్రలో వంద రోజుల సరుకు ఉంది. వారానికొకటి అన్నదాన్ని రోజుకొకటి వేసుకున్నా, ఎనిమిది వారాలు చాలన్నది ఏడాది సాగినా, ముగ్గురు డాక్టర్లు మూడు బ్రాండు పేర్లతో అదే మందు రాసినా లెక్క ఎక్కడికో వెళ్లిపోతుంది. సి విటమిన్ లాంటిదైతే మిగిలింది చాలావరకు మూత్రంలో పోతుంది. డి అలా కాదు, కొవ్వులో దాక్కుని నెలల తరబడి ఒంట్లోనే ఉంటుంది.

ఈ లెక్క ఇంట్లో కూర్చుని ఎవరైనా చేసుకోవచ్చు. ఒక అరగంట, ఒక తెల్లకాగితం, కళ్లజోడు ఉంటే చాలు. కాకపోతే ఇప్పటికే డి మాత్రలు గట్టిగా వాడుతున్న మనిషికి వాంతులు ఆగకపోయినా, మాట తడబడి మగతగా పడి ఉన్నా, గుండె లయ తప్పినట్టు కొట్టుకుంటున్నా ఈ కాగితం పని తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆసుపత్రికి బయల్దేరండి, లేదా 108కి ఫోన్ చేయండి. వాడిన మందుల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి వెంట పట్టుకెళ్లండి.

మొదట, అన్నీ బయటికి తీయండి

ఇంట్లో మందులన్నీ ఒకేచోట ఉండవు. స్టీలు డబ్బాలో కొన్ని, ఫ్రిజ్ తలుపులో కొన్ని, దేవుడి గూటి పక్కన కొన్ని, హ్యాండ్‌బ్యాగులో ఒక సగం స్ట్రిప్పు. డైనింగ్ టేబుల్ మీదో మంచం మీదో అన్నీ పరవండి. ‘ఇది మందు కాదులే’ అనుకునేవి ముఖ్యంగా తీయాలి. అసలు దొంగ అక్కడే దొరుకుతాడు. పాలల్లో కలుపుకునే పొడి, ప్రొటీన్ పౌడర్ డబ్బా, నమిలే గమ్మీలు, పిల్లల చుక్కల మందు, అమెరికా నుంచో దుబాయ్ నుంచో వచ్చినవాళ్లు చాక్లెట్లతో పాటు తెచ్చిచ్చిన పెద్ద ప్లాస్టిక్ సీసాలు, కడుపులో మంటకు చప్పరించే బిళ్లలు (కొన్నింట్లో కాల్షియం కార్బొనేట్ ఉంటుంది), అన్నీ రావాలి.

ఇంజెక్షన్ మాత్రం ఈ కుప్పలో కనబడదు, దానికి ఫైలు చూడాలి. డి3 ఇంజెక్షన్లు 3 లక్షలు, 6 లక్షల ఐయూల్లో కూడా దొరుకుతాయి. 6 లక్షలది ఒక్కటి పొడిస్తే పది మాత్రలు ఒకేసారి ఎక్కించినట్టు లెక్క. నడుం నొప్పికని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ‘బలం సూది’ వేయించుకున్న పెద్దవాళ్లను అందులో ఏముందని అడిగితే చెప్పలేరు. వేసినాయన్నే అడిగి పేరు రాయించుకోండి, మొహమాటపడాల్సిన పనేం లేదు.

స్ట్రిప్పు వెనక చదవడం

ముందు వైపున్న బ్రాండు పేరును పట్టించుకోకండి. స్ట్రిప్పు తిప్పి ‘కంపోజిషన్’ అన్నచోట చూడండి. కోలికాల్సిఫెరాల్ అని ఉంటే అదే విటమిన్ డి3. పక్కనే ఎంతుందో ఐయూల్లో ఉంటుంది. విదేశీ సీసాల మీద మైక్రోగ్రాముల్లో ఉండొచ్చు. మైక్రోగ్రాముల్ని 40తో గుణిస్తే ఐయూలొస్తాయి. 25 మైక్రోగ్రాములంటే 1,000 ఐయూ, 125 అంటే 5,000. అంకె చిన్నగా ఉంది కదా అని మందు కూడా చిన్నదనుకుంటే ఇక్కడే బోల్తా పడతాం. ఆ సీసాల మీద ‘సర్వింగ్’ అన్న మాట కూడా చూడండి. రెండు గమ్మీలు కలిపి ఒక సర్వింగ్ అయితే, రాసిన అంకె రెండిటికీ కలిపి.

డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉంటే దాన్ని ఆహారం కింద అమ్ముతున్నారని అర్థం. అంతమాత్రాన లెక్కలోంచి తీసేయకండి, అందులో డి ఉంటే అదీ డియే.

ఇంకో పేరు ప్రత్యేకంగా వెతకాలి: కాల్సిట్రయాల్. మన దగ్గర అమ్మే చాలా కాల్షియం మాత్రల్లో ఇది 0.25 మైక్రోగ్రాములుంటుంది. ఇది కూడా డి కుటుంబానిదే కానీ తయారైపోయిన రూపం. మామూలు డి3ని కాలేయం, కిడ్నీలు అవసరాన్ని బట్టి మార్చుకుని వాడుకుంటాయి. కాల్సిట్రయాల్‌కు ఆ గేటు లేదు, మింగగానే పనిలోకి దిగుతుంది. పైగా మామూలు విటమిన్ డి రక్తపరీక్షలో ఇది బయటపడదు. దీన్ని 40తో గుణించి ఐయూల్లోకి మార్చకూడదు. కాగితం మీద విడిగా ఒక గీత కింద రాసుకోండి, డాక్టరుతో మొదట మాట్లాడాల్సింది దాని గురించే. కిడ్నీ జబ్బున్నవాళ్లకు, థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత కాల్షియం పడిపోయినవాళ్లకు ఇది ప్రాణాధారమైన మందు. మామూలు ఒంటినొప్పులకు ఎందుకు రాశారో అడగడంలో తప్పులేదు.

ఇక కూడిక

కాగితం మీద ప్రతిదాన్నీ వారం లెక్కలోకి మార్చండి, మొత్తాన్ని ఏడుతో భాగించండి. రోజు సగటు వస్తుంది. ఒక ఉదాహరణ చేసి చూద్దాం. ఇంట్లో అమ్మకు 64 ఏళ్లనుకోండి. ఎముకల డాక్టరు వారానికొక 60,000 మాత్ర రాశారు. లేడీ డాక్టరు రాసిన కాల్షియం మాత్ర పొద్దునొకటి రాత్రొకటి, ఒక్కోదాంట్లో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 ఐయూల డి3. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి పంపిన సీసాలోది రోజుకొకటి 5,000 ఐయూ. అమ్మాయి ఆన్‌లైన్‌లో తెప్పించిన మల్టీవిటమిన్‌లో ఇంకో 1,000.

వారానికి మాత్ర 60,000, కాల్షియంలోది 3,500, సీసాది 35,000, మల్టీవిటమిన్ 7,000. మొత్తం 1,05,500. ఏడుతో భాగిస్తే రోజుకు సుమారు 15,000 ఐయూ. కావలసినదానికి పాతిక రెట్లు. ఇక్కడ ఎవరూ తప్పు చేయలేదు, ఎవరికి వాళ్లు ప్రేమగానో పద్ధతిగానో ఇచ్చినవే. మొత్తం కూడినవాళ్లే లేరు.

ఈ సగటును దేంతో పోల్చాలి? పెద్దవాళ్లు డాక్టరు పర్యవేక్షణ లేకుండా రోజూ తీసుకోగల గరిష్ఠ హద్దు 4,000 ఐయూ. మన పోషకాహార సంస్థా అదే చెబుతుంది, అమెరికాలో 2011లో పెట్టిన హద్దూ అదే. మరి వారానికొక 60,000 అంటే రోజుకు 8,500 దాటుతోంది కదా, డాక్టర్లు తప్పు రాస్తున్నారా అంటే, కాదు. లోపం తీర్చడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు అలా ఇచ్చి ఆపుతారు. ఆ తర్వాత నెలకొకటి అంటే రోజుకు 2,000 సగటు, హద్దులోపలే. ఆ కోర్సు ముగిసిందన్న సంగతి మనకు గుర్తుండకపోవడమే చిక్కు. పాత చీటీ పట్టుకెళ్తే షాపులో మళ్లీ ఇస్తారు, మళ్లీ ఇస్తారు, మళ్లీ ఇస్తారు.

రోజూ–వారం తికమక సంగతి వేరే చెప్పాలి. చీటీలో మందులన్నిటి ఎదురుగా 1-0-0, 0-0-1 అని వరసగా ఉంటాయి. ఆ వరసలో డి మాత్ర ఎదురుగా కూడా 1-0-0 ఉండి, పక్కన ‘వారానికి ఒకసారి’ అన్నది చిన్నగా డాక్టరు గొలుసుకట్టులో ఉంటే, ఇంట్లో చదివేవాళ్లు రోజూ పొద్దున ఒకటి అనే చదువుతారు. ఎనిమిది వారాలు రోజుకొకటి వేస్తే 33,60,000 ఐయూ. వేయాల్సింది 4,80,000. మీ కాగితం మీద ఈ ఒక్క ప్రశ్నకు ముందు జవాబు రాయండి: ఈ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాం, ఇప్పటికి ఎన్ని స్ట్రిప్పులు కొన్నాం? ఫోన్‌పే హిస్టరీ, షాపు బిల్లులు చూస్తే తేలిపోతుంది.

మరిచిపోయి ఒకరోజు రెండు మాత్రలు వేసుకున్నారని నిద్ర పాడుచేసుకోకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు దాంతో ఏమీ కాదు. వచ్చే వారానిది మానేస్తే సరి. ప్రాణం మీదికొచ్చిన కేసులన్నీ దాదాపుగా భారీ మోతాదులు వారాలూ నెలలూ సాగినవే.

కొందరికి ఈ హద్దులు కూడా ఎక్కువే

బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ అనో ‘సీటీ’ అనో ఉందేమో చూడండి. హెచ్ అంటే సాధారణంగా హైడ్రోక్లోరోథయజైడ్, సీటీ అంటే క్లోర్‌థాలిడోన్. రెండూ నీరు తీసే మందులే కానీ కాల్షియాన్ని మాత్రం మూత్రంలో పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. దానికి తోడు డి, దానికి తోడు కాల్షియం. మన ఇళ్లలో అరవై దాటిన ఎంతమంది ఈ మూడూ కలిపి వేసుకుంటున్నారో ఆలోచించండి! అలాగని బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపకండి. ఈ మూడూ వాడుతున్నానని డాక్టరుకు చెప్పి, రక్తంలో కాల్షియం చూడమనండి. గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కాల్షియం పెరిగితే ఆ మందు గుండె లయను దెబ్బతీస్తుంది.

కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లు, సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి చోట్ల చిన్న చిన్న గడ్డలు కట్టే జబ్బు) ఉన్నవాళ్లు, టీబీ మందులు వాడుతున్నవాళ్లు సొంతంగా డి కొనుక్కోకూడదు. సార్కాయిడోసిస్‌లో, కొన్నిసార్లు టీబీలో, జబ్బు గడ్డలే డిని చురుకైన రూపంలోకి మార్చేస్తాయి. మామూలు మోతాదుకే కాల్షియం పైకి పోవచ్చు.

ఒళ్లు చెప్పే గుర్తులు

డి ఎక్కువైతే ఇబ్బంది డి వల్ల నేరుగా రాదు, అది పెంచిన కాల్షియం వల్ల వస్తుంది. పేగుల్లోంచి కాల్షియాన్ని రక్తంలోకి లాగడం డి పని. మోతాదు మించితే తిండిలోంచే కాక ఎముకల్లోంచి కూడా కాల్షియం రక్తంలోకి వస్తుంది. రక్తంలో కాల్షియం పెరిగినప్పుడు కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేవు. మూత్రం ఎక్కువ పోతుంది, దాహం వేస్తుంది, అయినా ఒళ్లు ఎండిపోతుంది. ఒళ్లు ఎండిపోయేకొద్దీ కిడ్నీలు కాల్షియాన్ని బయటికి పంపలేక ఇంకా చతికిలపడతాయి. రాళ్లు ఏర్పడొచ్చు, కిడ్నీ కణజాలంలోనే కాల్షియం పేరుకోవచ్చు.

బయటికి కనబడేవి ఇవి: ఆకలి చచ్చిపోవడం, వికారం, వాంతులు, ఎన్నడూ లేని మలబద్ధకం, రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేవడం, నోరు పిడచకట్టుకుపోవడం, కాళ్లు చేతుల్లో సత్తువ లేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి విడిగా చూసినా డి గుర్తుకు రాదు, అక్కడే ఉంది మాయ. మూత్రం, దాహం చూసి షుగరేమో అనుకుంటాం. మలబద్ధకం వయసు వల్ల అనుకుంటాం. ఆకలి లేకపోతే గ్యాస్ మాత్ర వేస్తాం. పెద్దాయన అడిగినదే అడుగుతూ, ఉన్నట్టుండి తికమకపడుతుంటే మతిమరుపు మొదలైందని సర్దుకుపోతాం. ఇక నీరసమంటారా, దానికి విరుగుడుగా ఇంకో బలం మాత్ర తెస్తాం, అదీ డి ఉన్నదే అవుతుంది. షుగరు పరీక్ష మామూలుగా వచ్చి, దాహమూ మూత్రమూ తగ్గకుండా, డి మాత్రలు నడుస్తుంటే, ఆ రెండు విషయాల్నీ ఒకే వాక్యంలో డాక్టరుకు చెప్పండి. ‘బలానికి మాత్రలు’ అంటే చాలదు, పేరూ అంకే చెప్పాలి.

ఎముకల బలానికే కదా ఎక్కువ వేసుకుంటున్నాం అనేవాళ్లకు ఒక సంగతి. ఆస్ట్రేలియాలో 70 దాటిన ఆడవాళ్లకు ఏడాదికొకసారి ఒకేమోతాదుగా 5 లక్షల ఐయూ ఇచ్చి చూశారు. 2010లో ఫలితాలొచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే వీళ్లే ఎక్కువసార్లు పడిపోయారు, వీళ్లకే ఎక్కువ ఎముకలు విరిగాయి.

ఏ పరీక్షలు, ఎలా చదవాలి

లెక్కలో సగటు 4,000 దాటి నెలలు గడిచినా, పై గుర్తుల్లో రెండు మూడు ఉన్నా, పరీక్ష చేయించుకోండి. ఒక్క విటమిన్ డి పరీక్ష చేయించుకుని ఇంటికొచ్చేయకండి. దాంతోపాటు సీరమ్ కాల్షియం (రక్తంలోని కాల్షియం), అల్బుమిన్ (కాల్షియం అంకెను సరిచూసుకోవడానికి), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరుకు) కావాలి. నిజానికి అత్యవసరంగా తెలియాల్సింది కాల్షియమే, దాని ఖర్చూ తక్కువ. సాధారణంగా డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. 12 దాటితే అదే రోజు డాక్టరును కలవాలి. 14 దాటితే ఆసుపత్రిలో చేర్చాల్సిన పరిస్థితి. కాల్షియం పెరిగిందని తేలితే కారణం తేల్చడానికి డాక్టరు పీటీహెచ్ (రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్) కూడా చూస్తారు. డి ఎక్కువైన మనిషిలో అది అణిగి ఉంటుంది.

విటమిన్ డి రిపోర్టులో మన ల్యాబులు నానోగ్రాముల్లో ఇస్తాయి. 20 కంటే తక్కువైతే లోపం. 100 దాటితే మందు ఆపి ఆలోచించాలి. 150 దాటినచోట విషలక్షణాలు సాధారణంగా కనబడతాయి. లండన్, సిడ్నీల్లో ఉన్నవాళ్ల రిపోర్టులు నానోమోల్స్‌లో ఉంటాయి, వాటిని 2.5తో భాగించాలి. అక్కడున్న చెల్లికి 75, ఇక్కడ మీకు 30 వచ్చాయంటే ఇద్దరికీ ఉన్నది ఒకటే. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రిపోర్టులు పోల్చుకుని, ‘నాది సగం కూడా లేదు’ అని మాత్రలు పెంచేయకండి. అసలు 30 వచ్చినవాళ్లు 80కి తీసుకెళ్లాలని తాపత్రయపడడం వల్ల ఒరిగేదేం లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఊరికే ఈ పరీక్ష చేయొద్దని అమెరికాలోని హార్మోన్ల డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీయే 2024లో చెప్పింది. ప్యాకేజీలు అమ్మేవాళ్లకు ఈ సంగతి వినబడినట్టు లేదు.

జుట్టుకు బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే పరీక్షకు ముందే ల్యాబ్‌లో చెప్పండి. ఈ మాత్రల్లో బయోటిన్ 5,000, 10,000 మైక్రోగ్రాముల్లో ఉంటుంది. రోజుకు కావలసింది 30 మాత్రమే. అంత బయోటిన్ రక్తంలో ఉంటే కొన్ని యంత్రాల్లో థైరాయిడ్, విటమిన్ డి ఫలితాలు తారుమారవుతాయి. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష నిజంగా పెరిగినా తక్కువ చూపించొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. మామూలు పరీక్షలకైతే రెండు మూడు రోజుల ముందే బయోటిన్ ఆపమంటారు. మీ మోతాదుకు ఎన్ని రోజులు కావాలో ల్యాబ్‌ను అడగండి.

ఎక్కువైందని తేలితే

డి ఉన్నవన్నీ ఆపండి, కాల్షియం మాత్రలూ ఆపండి. కిడ్నీ జబ్బుకో థైరాయిడ్ ఆపరేషన్ తర్వాతో వాడుతున్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఆపొద్దు. నీళ్లు బాగా తాగండి, గుండె లేదా కిడ్నీ డాక్టరు నీళ్లకు కొలత పెట్టి ఉంటే ఆ కొలత ప్రకారమే. ఎండలోకి వెళ్లడం మానక్కర్లేదు. ఎండ వల్ల డి విషం కాదు. చర్మం తనకు చాలినంత తయారు చేసుకున్నాక, మిగిలినదాన్ని ఎండే విరగ్గొట్టేస్తుంది. అదనపు డి, ఏ విటమిన్లు కలిపిన పాలు, నూనెలు మార్కెట్లో ఉన్నాయి, వాటిలో ఉండేది కొద్దిమాత్రమే. పాలూ పెరుగూ కొన్నాళ్లు తగ్గించాలా అన్నది కాల్షియం రిపోర్టును బట్టి డాక్టరు చెబుతారు.

మాత్ర ఆపిన వారానికి అంతా సర్దుకుంటుందనుకోకండి. రక్తంలో డి సగానికి తగ్గడానికే రెండు మూడు వారాలు పడుతుంది, కొవ్వులో నిల్వ ఉన్నది మెల్లగా వదులుతూనే ఉంటుంది. పెద్ద మోతాదులు పడ్డవాళ్లకు కాల్షియం దిగిరావడానికి నెలలు పట్టొచ్చు. అందుకే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, అవసరాన్ని బట్టి స్టెరాయిడ్లు, ఎముకల్లోంచి కాల్షియం రాకుండా ఆపే ఇంజెక్షన్లు ఇచ్చి పంపాక కూడా, మళ్లీ మళ్లీ రక్తపరీక్షకు రమ్మంటారు. బాగానే ఉన్నాం కదా అని ఎగ్గొట్టకండి.

చంటిపిల్లల చుక్కలు

పాలు తాగే బిడ్డకు రోజుకు 400 ఐయూ. గరిష్ఠ హద్దు ఆరు నెలల్లోపు 1,000 మాత్రమే. చుక్కల మందుల్లో ఒక ఎంఎల్‌లో 400 ఉన్నవీ ఉన్నాయి, 800 ఉన్నవీ ఉన్నాయి. సీసా మారినప్పుడల్లా కొలత మారుతుంది. విదేశాల నుంచి వచ్చే కొన్ని సీసాల్లో ఒక్క చుక్కలోనే 400 ఉంటుంది. అలాంటిదాన్ని పాత అలవాటు కొద్దీ డ్రాపర్‌తో ఒక ఎంఎల్ పోస్తే 10,000 ఐయూ దాటిపోతుంది. 2010లో అమెరికా ఎఫ్‌డీఏ సరిగ్గా ఈ డ్రాపర్ల మీదే తల్లిదండ్రులను హెచ్చరించింది. ఒక సీసాతో వచ్చిన డ్రాపర్‌ను ఇంకో సీసాకు వాడకండి. పాత సీసా అయిపోగానే డ్రాపర్‌తో సహా పారేయండి.

ఇంకోటి, 5 ఎంఎల్ చిన్న సీసాల్లో తాగే డి3 దొరుకుతుంది. ఆ సీసా మొత్తం కలిపి 60,000 ఐయూ, పెద్దవాళ్ల ఒక డోసు. సిరప్ అనుకుని పిల్లలకు రోజూ చెంచాడు పోసే ప్రమాదం ఉంది, దాన్ని పిల్లల మందుల దగ్గర పెట్టకండి. బిడ్డ పాలు తాగక, వాంతులు చేసుకుంటూ, విరేచనం కాక మందకొడిగా ఉంటే సీసా చేత్తో పట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఎలాగూ అన్నీ బయటికి తీశారు కాబట్టి

అదే కుప్పలో బీ6 కోసం కూడా ఓ చూపు చూడండి, స్ట్రిప్పు మీద పైరిడాక్సిన్ అని ఉంటుంది. నీళ్లలో కరిగే విటమిన్ కదా, ఎక్కువైతే పోతుందిలే అనుకునేవాళ్లు. 1983లో అమెరికా డాక్టర్లు, పెద్ద మోతాదులో బీ6 తీసుకుని కాళ్లలో స్పర్శ పోయి, నడక తప్పిన మనుషుల గురించి రాశాక ఆ ధీమా పోయింది. మోతాదు చిన్నదైనా చాలాకాలం వాడితే ఇబ్బంది రావచ్చని యూరప్ వాళ్లు 2023లో హద్దును రోజుకు 12 మిల్లీగ్రాములకు దించారు. అమెరికాలో ఇంకా 100 ఉంది. తిమ్మిర్లకని నరాల మాత్ర వేసుకుంటాం, అందులో బీ6 ఎక్కువైతే వచ్చేవీ తిమ్మిర్లే. తగ్గలేదని ఇంకో మాత్ర పెంచే ముందు బీ6 మొత్తం కూడండి.

విటమిన్ ఏ గర్భిణులకు ముఖ్యం. రెటినాల్ (కాడ్ లివర్ ఆయిల్ లాంటివాటిలో ఉండే తయారైన ఏ) రూపంలో రోజుకు 10,000 ఐయూ దాటితే కడుపులో బిడ్డకు అవకరాలు రావచ్చు. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు కాడ్ లివర్ ఆయిల్ మాత్రలు పక్కన పెట్టేయండి. క్యారెట్లూ మునగాకూ ఎంత తిన్నా ఈ భయం లేదు. అంగన్‌వాడీలో ఆరు నెలలకోసారి పిల్లలకు పోసే ఏ విటమిన్ మోతాదు లెక్క ప్రకారమే ఇస్తారు, దాని మీద ఇంట్లో ఇంకోటి కొని పోయకుండా ఉంటే చాలు. బీటా కెరోటిన్ (ఒంట్లో ఏ విటమిన్‌గా మారే పదార్థం) మాత్రలు సిగరెట్ తాగేవాళ్లు ముట్టుకోకూడదు. ఫిన్లండ్‌లో పొగతాగేవాళ్ల మీద చేసి 1994లో వెల్లడించిన పెద్ద అధ్యయనంలో, అవి వేసుకున్నవాళ్లకే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువొచ్చింది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే విటమిన్ ఈ, కె మాత్రలు డాక్టరుకు చెప్పకుండా వేసుకోవద్దు. సి విటమిన్ రోజుకు 2,000 మిల్లీగ్రాములు దాటితే విరేచనాలు, రాళ్ల తత్వం ఉన్నవాళ్లకు రాళ్లు.

కాగితం డాక్టరు దగ్గరికి

మీరు రాసిన కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఎముకల డాక్టరు, లేడీ డాక్టరు, షుగరు డాక్టరు, ఎవరి దగ్గరికి వెళ్లినా కూర్చోగానే అది చూపించండి. ‘ఇవన్నీ వాడుతున్నాను, ఇందులో ఏవి తీసేయొచ్చండీ?’ అని అడగండి. కొత్తగా డి రాస్తే రెండే ప్రశ్నలు: వారానికా రోజుకా, ఎప్పుడు ఆపాలి? జవాబును చీటీ మీదే ఆయన చేత రాయించండి. బయటికొచ్చాక షాపులో కూడా స్ట్రిప్పు మీద స్కెచ్ పెన్నుతో ‘ఆదివారం మాత్రమే’ అని, కింద ఆఖరి మాత్ర వేసుకోవాల్సిన తేదీ రాయించుకోండి. మందులు వేసే బాధ్యత మనవడిదో పనమ్మాయిదో అయిన ఇళ్లలో ఆ వారపు మాత్రను రోజువారీ డబ్బాలో అసలు పెట్టొద్దు. క్యాలెండర్ పక్కన మేకుకు తగిలించిన చిన్న సంచిలో విడిగా ఉంచి, వేసుకున్న ఆదివారం మీద సున్నా చుట్టండి.